జిహ్వకో రుచి, దేశానికో కారు

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు మన పెద్దలు. కూరలో కారం దగ్గర్నుంచి కట్టుకునే బట్ట దాకా ఈ మాట చెల్లుతుంది. మరి కార్ల విషయంలోనో? అమెరికావాడు లారీకి తమ్ముడిలాంటి పికప్ ట్రక్కును ఇంటిముందు నిలుపుకుంటాడు. జపానువాడు అగ్గిపెట్టెలాంటి బుల్లి కారుతో సరిపెట్టుకుంటాడు. నార్వేలో కొత్త కారు కొనేవాడు పెట్రోలు బంకు వైపే చూడడం మానేశాడు. మన దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయే కార్లు చాలావరకు నాలుగు మీటర్ల పొడవు దాటవు. ఇదంతా ఆయా దేశాల ప్రజల అభిరుచేనా?

మా హాస్టలులో ఈ ప్రశ్న మీద చాలాసార్లు వాదన జరిగింది. "అమెరికావాళ్లకు అన్నీ పెద్దవే కావాలి, జపానువాళ్లకు చిన్నవే ముద్దు, అంతేనోయ్" అని తేల్చేసేవాళ్లే ఎక్కువ. నేను మెకానికల్ విద్యార్థిని. ఇంజన్ల పుస్తకాలతో పాటు కార్ల మీద పన్నుల చరిత్ర కూడా కొంత చదివాను. చదివినకొద్దీ నాకు తోచింది ఏమిటంటే, ఈ వ్యవహారంలో జిహ్వ కంటే పన్నుకే పని ఎక్కువ! నోట్లో పన్ను కాదు, సర్కారువారి పన్ను.

నేను చెప్పబోయే సంగతి ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. చట్టం కారులో దేన్ని కొలుస్తుందో, కారు ఆ వైపున కుదించుకుంటుంది. దేన్ని కొలవదో ఆ వైపున పెరుగుతుంది. ఈ సూత్రాన్ని కొన్ని దేశాల అనుభవంతో పరీక్షించి, చివరకు మన గుమ్మం ముందుకు వద్దాం.

బ్రిటన్: పన్ను మలిచిన ఇంజన్

బ్రిటన్లో 1921 నుండి కార్లకు "అశ్వశక్తి" లెక్కన పన్ను వేశారు. ఒక్కో అశ్వశక్తికి ఏటా ఒక పౌను. అయితే ఆ అశ్వశక్తిని ఇంజన్ నడిపి కొలిచేవారు కారు. దానికొక సూత్రం పెట్టుకున్నారు. సిలిండరు బోరును, అనగా లోపలి వ్యాసాన్ని, అంగుళాల్లో తీసుకుని వర్గం చేయాలి. దాన్ని సిలిండర్ల సంఖ్యతో గుణించి 2.5తో భాగించాలి. వచ్చిందే పన్నుకు ఆధారం. పిస్టన్ ఎంత దూరం ప్రయాణిస్తుందన్న స్ట్రోకు సంగతి ఈ లెక్కలో ఎక్కడా లేదు.

లెక్క వేసి చూద్దాం. అమెరికా నుండి వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారు బోరు 3.75 అంగుళాలు, సిలిండర్లు నాలుగు. సూత్రం ప్రకారం 22.5 వస్తుంది. అంటే ఏటా దాదాపు 23 పౌన్ల పన్ను. 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ కారుకు తరువాత అమర్చిన 747 సి.సి. ఇంజన్ బోరు 2.2 అంగుళాలు. సూత్రంలో వేస్తే 7.74 వస్తుంది. దాని పన్ను సుమారు 8 పౌన్లు. మధ్యతరగతి బ్రిటిషువాడు ఏ కారు కొంటాడో వేరే చెప్పనక్కరలేదు గదా!

ఇంజనీర్లు ఊరుకోలేదు. బోరు పెంచితే పన్ను పెరుగుతుంది. స్ట్రోకు పెంచితే పైసా పెరగదు. కాబట్టి సన్నటి, పొడుగాటి సిలిండర్లు చేయడం మొదలుపెట్టారు. చివరికి ఫోర్డ్ కంపెనీ కూడా దిగివచ్చి 1932లో మోడల్ వై అనే కారు తెచ్చింది. దాని బోరు 56.6 మిల్లీమీటర్లు, స్ట్రోకు 92.5. సూత్రంలో వేసి చూస్తే సరిగ్గా 8కి కొంచెం తక్కువ వస్తుంది. ఇది కాకతాళీయం అంటారా?

స్ట్రోకు పొడుగైతే పిస్టన్ ప్రతి చుట్టుకూ ఎక్కువ దూరం పరుగెత్తాలి. అందుచేత ఇంజన్ను మరీ వేగంగా తిప్పడం కుదరదు. తక్కువ వేగంలో లాగుడు బాగుంటుంది కాని, పెద్ద దూరాలు వేగంగా పోవలసిన దేశాలకు అలాంటి కారు నప్పదు. 1947తో ఆ సూత్రానికి కాలం చెల్లింది. 1948 నుండి కొత్త కార్లన్నిటికీ ఒకటే పన్ను వచ్చింది. అయినా ఆ డిజైను అలవాటు వెంటనే పోలేదు. మనవాళ్లు దశాబ్దాల తరబడి తిరిగిన అంబాసిడర్ కారుకు మూలం బ్రిటన్లోని మారిస్ ఆక్స్‌ఫర్డ్. దాని 1489 సి.సి. ఇంజన్ బోరు సుమారు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు సుమారు 89. లండన్లో పుట్టిన ఒక పన్ను లెక్క ఛాయ కలకత్తా శివారు ఉత్తరపారా దాకా పాకిందన్నమాట.

జపాన్: పసుపు పలక కార్లు

జపానులో "కే" కార్లని ఒక ప్రత్యేక తరగతి ఉంది. యుద్ధంలో చితికిపోయిన దేశంలో సామాన్యుడికి నాలుగు చక్రాలు అందాలని 1949లో ఈ తరగతిని సృష్టించారు. 1950ల మధ్యకు ఇంజన్ పరిమితి 360 సి.సి. అయింది. 1976లో 550, 1990లో 660 సి.సి.కి పెరిగింది. 1998 నుండి ఉన్న కొలతలు చూడండి. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు మించరాదు. ఈ హద్దుల్లో ఉన్న సొంత కార్లకు మామూలుగా పసుపుపచ్చ నంబరు పలక తగిలిస్తారు.

హద్దుల్లో ఉంటే లాభం ఏమిటి? వార్షిక పన్ను 10,800 యెన్లు. అదే ఒక లీటరు లోపు మామూలు కారుకు 2019 అక్టోబరు నుండి కొత్తగా నమోదైన వాటికి 25,000 యెన్లు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. 1962 నాటి చట్టం ప్రకారం జపానులో కారు కొనేవాడు దాన్ని నిలిపేందుకు తనకు చోటు ఉందని పోలీసుల నుండి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. రాత్రంతా వీధిలో వదిలేస్తానంటే కుదరదు. కే కార్లకు చాలా పల్లె ప్రాంతాల్లో ఈ బాదరబందీ లేదు. పట్నాల్లో కూడా నిబంధన కొంత సులువు.

ఫలితంగా ఆ దేశంలో అమ్ముడుపోయే కొత్త వాహనాల్లో మూడోవంతుకు పైగా ఈ బుల్లి కార్లే. కొన్నేళ్లుగా అమ్మకాల్లో ముందున్న హోండా ఎన్-బాక్స్ కొలతలు గమనించండి. పొడవు 3,395 మిల్లీమీటర్లు, వెడల్పు 1,475. రెండు వైపులా హద్దుకు అయిదేసి మిల్లీమీటర్లే తక్కువ! ఎత్తు విషయంలో మాత్రం చట్టం ఉదారంగా ఉంది గనుక కారు పైకి పెరిగింది. ఎత్తు సుమారు 1.8 మీటర్లు. గోడలు నిటారుగా నిలబెట్టి, చక్రాలు నాలుగు మూలలకూ జరిపి, ఇరుకు సందుల్లో దిగడానికి వెనుక జరుపుడు తలుపులు పెట్టి పెట్టెలా తయారు చేశారు. జపానువాడి సౌందర్యదృష్టి వల్ల కాదు, మూడు కొలతల్లో రెండు బిగించి ఒకటి వదలడం వల్ల వచ్చిన ఆకారం అది.

సుజుకి కంపెనీ 1979లో ఆల్టో కారును తెచ్చినప్పుడు ఇంకో చమత్కారం చేసింది. ప్రయాణికుల కారుకు అమ్మకంలో పన్ను ఉంది, సరుకుల బండికి లేదు. కాబట్టి వెనుక సీటు చిన్నది చేసి, దాన్ని సరుకుల బండిగా నమోదు చేయించి 4,70,000 యెన్లకే అమ్మింది. ఆ కుటుంబంలోని బండినే 796 సి.సి. ఇంజన్ తో 1983 డిసెంబరులో మన దేశంలో మారుతి 800 పేరుతో విడుదల చేశారు. జపాను చట్టం గీసిన గీతల మధ్య పుట్టిన ఆ బుల్లి పెట్టెలోనే మన మధ్యతరగతి కుటుంబాలు అమ్మానాన్నలతో, పిల్లలతో, తిరుపతి లడ్డూలతో సహా ముప్పయ్యేళ్లు సర్దుకున్నాయి. మనం దాన్ని ఎంచుకున్నామని అనుకుంటాం. నిజానికి దాని కొలతలు ఎప్పుడో టోక్యోలో నిర్ణయమైపోయాయి.

అమెరికా: కోడి తెచ్చిన ట్రక్కు

అమెరికాలో దూరాలు ఎక్కువ, రోడ్లు విశాలం, పెట్రోలు మీద పన్ను స్వల్పం. కేంద్ర ప్రభుత్వపు పెట్రోలు పన్ను గాలనుకు 18.4 సెంట్లు, 1993 నుండి అది పెరగలేదు. పెద్ద బండ్లకు ఇవన్నీ అనుకూలమే. ఐనా ఆస్ట్రేలియాలాంటి దేశాల్లోనూ దూరాలు ఎక్కువే గదా. అమెరికా కథలో కోళ్లకు కూడా పాత్ర ఉంది.

1960ల మొదట్లో అమెరికా కోళ్లు చవగ్గా వచ్చి పడుతున్నాయని ఐరోపా ఉమ్మడి మార్కెట్ దేశాలు వాటిపై సుంకం పెంచాయి. ప్రతీకారంగా అమెరికా 1964 జనవరి నుండి కొన్ని దిగుమతులపై 25 శాతం సుంకం వేసింది. అందులో బ్రాందీ, బంగాళదుంపల పిండి, వీటితో పాటు చిన్న ట్రక్కులు కూడా ఉన్నాయి. పశ్చిమ జర్మనీ వోక్స్‌వ్యాగన్ వ్యానులే దాని గురి. మిగిలిన వస్తువుల మీద సుంకాలు క్రమంగా పోయాయి కాని, 60 ఏళ్లు గడిచినా ట్రక్కుల సుంకం మాత్రం తొలగలేదు. కార్లలో జపాను, జర్మనీలతో కుస్తీ పట్టవలసి వచ్చిన అమెరికన్ కంపెనీలకు ట్రక్కుల గోదాలో చాలాకాలం గట్టి పోటీయే లేకపోయింది. లాభం ఎక్కడుంటే తయారీదారు చూపు, ప్రకటనల ఖర్చు అక్కడే కదా!

దీనికి తోడు 1973 నాటి చమురు సంక్షోభం తరువాత 1975లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. ఒక కంపెనీ అమ్మే కార్లన్నీ సగటున గాలనుకు ఇన్ని మైళ్లు ఇవ్వాలన్నారు. 1985 నాటికి కార్లకు ఆ లక్ష్యం 27.5 మైళ్లు. మన లెక్కలో లీటరుకు 11.7 కిలోమీటర్లు. కాని "లైట్ ట్రక్కు" అన్న తరగతికి వేరే లక్ష్యం పెట్టారు. అది 20 మైళ్ల దరిదాపుల్లోనే ఉండిపోయింది. రైతులకూ మేస్త్రీలకూ పనిముట్టు గదా అని ఇచ్చిన సడలింపు అది. పెట్రోలు ఎక్కువ తాగే కార్ల మీద 1978లో తెచ్చిన అదనపు పన్ను కూడా ట్రక్కులకు వర్తించలేదు.

ఇంకేముంది! కుటుంబాలు తిరిగే పొడుగాటి స్టేషన్ వ్యాగన్లు తెరమరుగయ్యాయి. వాటి స్థానంలో ట్రక్కు తరగతిలో చేరే మినీవ్యానులు, ఎస్.యు.వి.లు వచ్చాయి. ఫోర్డ్ ఎఫ్ శ్రేణి పికప్ 1980ల నుండి దశాబ్దాల పాటు అమ్మకాల్లో అగ్రస్థానం నిలుపుకుంది. 2018లో ఆ కంపెనీ అమెరికాలో మామూలు సెడాన్ కార్లు అమ్మడమే మానుకుంటానని ప్రకటించింది. పల్లెలో గడ్డిమోపులు మోయడానికి పుట్టిన బండి పట్నంలో పిల్లల్ని బడిలో దింపే బండి అయి కూర్చుంది.

ఇక్కడితో నవ్వుకుని వదిలేయవచ్చు. కాని రోడ్డు మీద నడిచేవాడి సంగతి కూడా చూడాలి. అమెరికాలో వాహనాల కింద పడి చనిపోయిన పాదచారులు 2009లో సుమారు 4,100 మంది. 2022లో 7,500 మందికి పైగా. దీనికి వేగం, చీకటి, రోడ్ల తీరు వంటి కారణాలు చాలా ఉన్నాయి. ఐతే అక్కడి రహదారి భద్రతా బీమా సంస్థ 2023లో వెల్లడించిన అధ్యయనం ఒకటి గమనార్హం. బానెట్ ఎత్తు 40 అంగుళాలకు మించిన వాహనం పాదచారిని గుద్దితే ప్రాణం పోయే అవకాశం, వాలుగా 30 అంగుళాల లోపు బానెట్ ఉన్న వాహనంతో పోలిస్తే సుమారు 45 శాతం ఎక్కువ అని అది తేల్చింది. చట్టం మైలేజీ కొలిచింది, సుంకం కొలిచింది. బానెట్ ఎత్తు కొలవలేదు. ఆ కొలవనిచోటే బండి పెరిగింది.

అన్నట్టు, "జాతి స్వభావం" అనే మిత్రులకు ఒక చిన్న మాట. ఇక్కడ ఆల్టో నడిపిన మన కుర్రవాడు డల్లాస్ వెళ్లి నాలుగేళ్లు తిరక్కుండా పెద్ద ఎస్.యు.వి. కొంటే, ఈ లోపల అతని జాతి మారిందంటారా?

నార్వే: చమురు అమ్మి కరెంటు నడిపేవారు

నార్వే చమురు అమ్ముకునే దేశం. అయినా 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో నూటికి 89 పూర్తిగా విద్యుత్తుతో నడిచేవే. ఇందులోనూ కిటుకు పన్నులోనే ఉంది. అక్కడ పెట్రోలు కారు కొంటే బరువు మీద, పొగ మీద భారీ పన్ను; ఆపైన 25 శాతం అమ్మకపు పన్ను. విద్యుత్ కార్లకు 1990 నుండి మొదటి పన్ను, 2001 నుండి రెండోది తీసేశారు. 1989లో ఆహా అనే పాటల బృందం గాయకుడు ఒక పర్యావరణ కార్యకర్తతో కలిసి చిన్న విద్యుత్ కారులో తిరుగుతూ, టోల్ కట్టనని పదేపదే మొండికేశాడు. 1997లో ఆ కార్లకు టోల్ కూడా మాఫీ అయింది. కరెంటులో అత్యధిక భాగం జలవిద్యుత్తు కావడం కూడా కలిసివచ్చింది.

అక్కడివారు ఇంకో పని చేశారు. పన్ను లేకపోవడంతో ఖరీదైన బరువు కార్లు పెరుగుతున్నాయని గమనించి, 2023 నుండి విద్యుత్ కార్లకు కూడా బరువు మీద పన్ను, 5 లక్షల క్రోనర్లు దాటిన ధర మీద అమ్మకపు పన్ను వేశారు. మొదట కొలవనిదాన్ని కొలవడం మొదలుపెట్టారన్నమాట.

అభిరుచికి చోటే లేదా?

ఉంది. చైనాలో ఆడి వంటి జర్మన్ కంపెనీలు వెనుక సీటు దగ్గర పొడవు పెంచిన కార్లను ప్రత్యేకంగా తయారు చేస్తాయి. యజమాని, లేదా ఇంటి పెద్ద, వెనుక కూర్చోవడం అక్కడ మర్యాద. దీన్ని ఏ పన్నూ నేర్పలేదు. కాని అదే చైనాలో బీజింగ్ నగరం 2011 నుండి కారు నంబరును లాటరీలో ఇస్తోంది. షాంఘై వేలం వేస్తోంది. విద్యుత్ కార్లకు ఇచ్చిన సడలింపులు వాటి అమ్మకాలను ఎంతో ముందుకు నెట్టాయి. అభిరుచి నిజమే, అది తిరిగే ఆవరణకు కంచె వేసేది మాత్రం నిబంధన.

మన దేశం: నాలుగు మీటర్ల గీత

మనకు చాలాకాలం అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ తప్ప గతి లేదు. లైసెన్సుల రాజ్యంలో డబ్బు కట్టి ఏళ్లతరబడి ఎదురుచూసేవాడికి ఎంపిక అన్న మాటే విడ్డూరం. మారుతి వచ్చాక, 1991 తరువాత తలుపులు తెరిచాక కథ మారింది. 2006 బడ్జెట్లో ఒక గీత గీశారు. పొడవు నాలుగు మీటర్లు మించకుండా, పెట్రోలు ఇంజన్ 1200 సి.సి., డీజిలు ఇంజన్ 1500 సి.సి. లోపు ఉంటే అది "చిన్న కారు". దాని ఎక్సైజు సుంకం 24 నుండి 16 శాతానికి తగ్గింది. సుంకాలు మారి జి.ఎస్.టి. వచ్చినా గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుండి గీతకు ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. విద్యుత్ కార్లకు 5.

టేపు తీసుకుని మన కాలేజీ ఆవరణలో నిలిపిన కార్లను కొలిచి చూడమని విద్యార్థి మిత్రులను కోరుతున్నాను. ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ ఉండదు. డిజైర్ కారు 2008లో వచ్చినప్పుడు 4,160 మిల్లీమీటర్లు. 2012లో కొత్త రూపం 3,995! డిక్కీ కత్తిరించి గీత లోపలికి తెచ్చారు. బ్రెజా 3,995, వెన్యూ 3,995. పొడవు బిగుసుకుపోయింది, ఇంజన్ బిగుసుకుపోయింది. ఇక మిగిలింది ఎత్తే. కాబట్టి మన కారూ పైకి పెరిగింది. 2024లో దేశంలో అందరికంటే ఎక్కువగా అమ్ముడైన టాటా పంచ్ పొడవులో చిన్న కారే, నిలబడే తీరులో ఎస్.యు.వి. గుంతల రోడ్లకు నేల నుండి ఎత్తు అవసరమే, కాదనను. కాని "చిన్న కారు" నిర్వచనంలో ఎత్తు లేదు, బరువు లేదు, బానెట్ తీరు లేదు. దాన్ని నిలిపే చోటు ప్రసక్తి అసలే లేదు. జపానువాడు చోటు చూపించి కారు కొంటాడు. మనం కారు కొని చోటు వెతుక్కుంటాం. విజయవాడ, హైదరాబాదు సందుల్లో ఆ చోటు ఎవరిది? నడిచేవాడిది.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో కారు ఉన్న కుటుంబాలు నూటికి ఎనిమిది. 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అందులో పాదచారులు 32 వేల పైచిలుకు, ద్విచక్ర వాహనాలవారు దాదాపు 75 వేలు. అంటే కారు ఏ ఆకారంలో ఉండాలన్నది కొనుక్కునే ఎనిమిదిమంది సొంత విషయం కాదు. దాని ముందునుంచి రోడ్డు దాటే తొంభై రెండుమందికీ అందులో మాట ఉండాలి. షోరూములో వారికి మాట లేదు. ఉంటే గింటే చట్టంలోనే ఉండాలి.

ముగింపు

బ్రిటన్ స్ట్రోకు కొలవలేదు, జపాను ఎత్తును వదిలింది, అమెరికా ట్రక్కును మినహాయించింది. మూడు చోట్లా ఇంజనీర్లు తెలివిగా ఆ ఖాళీలోకే కారును పెంచారు. ఇంజనీర్లది తప్పని నేననను. ఇచ్చిన హద్దుల్లో ఉత్తమమైనది చేయడమే వారి వృత్తి. రేపు మాలో కొందరం ఆ పని చేస్తాం. ఇంకొందరు ఆర్థిక శాఖలోనో రవాణా శాఖలోనో కూర్చుని ఆ హద్దులు గీస్తారు. గీసేముందు "నేను దేన్ని కొలుస్తున్నాను?" అన్న ప్రశ్నతో ఆగకుండా, "దేన్ని కొలవకుండా వదిలేస్తున్నాను? ఆ వదిలినచోట ఎవరు నడుస్తున్నారు?" అని కూడా అడుగుతారని నా ఆశ. కారు కొనగలిగే స్థితికి వచ్చిన పూర్వ విద్యార్థులు కూడా ధర, మైలేజీలతో పాటు తమ వీధి వెడల్పును ఒకసారి కొలుచుకోవాలని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.